ఇంట్లో తెలియకుండా కార్టింగ్: అమ్మాయిలో ఉన్నది ప్రతిభేనా, తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ట్యూషన్‌కని చెప్పి ఏడాదిగా మా తమ్ముడితో కార్టింగ్ (చిన్న, పైకప్పు లేని రేసు బండ్లు నడపడం) ట్రాక్‌కి వెళ్తోందని పోయిన నెల తెలిసింది. బ్యాగులో టైమింగ్ కాగితాల కట్ట దొరికింది. మా మరిది పదేళ్ల కిందట బైకు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి ఇంట్లో బండి మాటెత్తితేనే మావారికి పడదు. ఇప్పుడు కూతురితోనూ, మా తమ్ముడితోనూ మాట్లాడటం మానేశారు. ట్రాక్ వాళ్లేమో ‘ఈ పిల్లలో విషయం ఉంది, రేసుల్లో పెట్టండి’ అంటున్నారు. అది నిజమేనా? మావారికి ఏమని చెప్పాలి? ఈ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉందా?
– ఒక తల్లి

సమాధానం: అన్నిటికంటే ముందు ఒక కాగితం వెతికించండి. పద్ధతిగా నడిచే ట్రాక్ ఏదైనా సరే, మైనర్‌ని బండి ఎక్కించాలంటే తల్లో తండ్రో సంతకం పెట్టిన అంగీకార పత్రం తీసుకుంటుంది. మీ ఇద్దరికీ తెలియకుండా ఏడాది గడిచిందంటే ఆ సంతకం ఇంకెవరో పెట్టారు. బహుశా మీ తమ్ముడే. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పక్కటెముక విరిగినా, తలకు దెబ్బ తగిలినా, బీమా కంపెనీ చేతులెత్తేయడానికి ఆ ఒక్క సంతకం సరిపోయేది. మామూలు బీమా పాలసీల్లో మోటార్ రేసింగ్ మినహాయింపుల్లో ఉండవచ్చు. ఆ పేజీ కూడా తీసి చదవండి. ఈ రెండూ సరయ్యేదాకా అమ్మాయి కార్ట్ ఎక్కకూడదు. ఇది శిక్ష కాదని, కాగితాల పని అని తనకు విడమరిచి చెప్పండి. ఎన్ని వారాలు పడుతుందో తేదీతో సహా చెప్పండి. గడువు లేకుండా ‘ఇక వద్దు’ అంటే పిల్ల మళ్లీ దొంగచాటు దారే వెతుక్కుంటుంది.

ఇక ప్రతిభ సంగతి. ట్రాక్ వాళ్ల మాట తీసిపారేయకండి, దాన్నే నమ్ముకుని అడుగూ వేయకండి. రోజూ ఎంతోమందిని చూస్తారు కాబట్టి వాళ్ల కన్ను పదునుగానే ఉంటుంది. కానీ మీ అమ్మాయి వాళ్లకు గిరాకీ కూడా.

మీకు దొరికిన కాగితాలే మొదటి సాక్ష్యం. అందరి చూపూ బెస్ట్ ల్యాప్ మీదే, అంటే ట్రాక్‌ని అన్నిటికంటే వేగంగా చుట్టిన ఒక్క రౌండు మీదే పడుతుంది. మీరు దాన్ని పక్కనపెట్టి కార్ట్ నంబరు చూడండి. అద్దె కార్టులు పైకి ఒకేలా ఉంటాయి కానీ ఇంజిన్ ఎంత అరిగింది, టైర్లు ఎంత పాతవి అన్నదాన్ని బట్టి రెండు బండ్ల మధ్య ల్యాప్‌కి అర సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తేడా వస్తుంది. మంచి టైములన్నీ ఒకే నంబరు మీద ఉంటే, ఏ బండి బాగా పరిగెడుతుందో కనిపెట్టి అదే అడిగి తీసుకుంటోందన్నమాట. తెలివైన పనే, కానీ వేగానికి అది రుజువు కాదు. రెండోది బరువు. 45 కిలోల పిల్ల, 75 కిలోల మనిషి ఒకే చిన్న ఇంజిన్ ఉన్న బండి నడిపితే ప్రతి మలుపు తర్వాతా పిల్ల బండే ముందు పుంజుకుంటుంది. పది కిలోల తేడాకే ల్యాప్‌లో సుమారు 0.2, 0.3 సెకన్లు వచ్చేస్తాయి. పెద్దవాళ్లని దాటేసిందని ట్రాక్ వాళ్లు చెప్పి ఉంటే, ఆ గెలుపులో సగం బరువుదే కావచ్చు.

అందుకే ఒక పూట పరీక్ష పెట్టించండి. పది పన్నెండు ల్యాపుల సెషన్లు మూడు. ఏ కార్ట్ ఎవరికన్నది చీటీ తీసి నిర్ణయించాలి, ప్రతి సెషన్‌కీ మార్చాలి. ఆ ట్రాక్ మీద బాగా అలవాటున్న ఇద్దరు ముగ్గురిని అదే సెషన్లలో నడపమనండి. అమ్మాయి నడిపిన బండ్లే వాళ్లూ మార్చి మార్చి నడపాలి. బరువు తేడాని సీటుకి బిగించే సీసపు దిమ్మలతో సరిచేయవచ్చు. ఆ వీలు లేకపోతే అందరి బరువులూ రాసి పెట్టుకోండి. తర్వాత లెక్క ఇలా చూడండి. టైర్లు వేడెక్కని మొదటి రెండు ల్యాపులూ కొట్టేయండి. ముందు బండి అడ్డుపడ్డ ల్యాపులూ కొట్టేయండి. మిగిలిన ఏడెనిమిదింటిలో అన్నిటికంటే వేగమైనదానికీ, నెమ్మదైనదానికీ తేడా ఎంత? 45 సెకన్ల ల్యాప్‌లో ఆ తేడా 0.3 లోపు ఉంటే చేయి కుదిరినట్టే. 0.8 దాటితే బెస్ట్ ల్యాప్ ఏదో కలిసొచ్చి పడింది, అంతే.

అయితే ఏడాదిగా ఒకే ట్రాక్ తిరిగిన పిల్లకి ఈ నిలకడ సాధన వల్ల కూడా వస్తుంది. ప్రతిభ బయటపడేది తెలియని చోట. తను ఎప్పుడూ చూడని ఇంకో ట్రాక్‌కి తీసుకెళ్లండి. అక్కడి అలవాటైన వాళ్ల టైముకి ఒక శాతం దగ్గరకు రావడానికి తనకి ఎన్ని ల్యాపులు పట్టిందో చూడండి. మొదటి సెషన్‌లోనే వస్తే తీవ్రంగా ఆలోచించాల్సిన విషయమే. రోజంతా పట్టినా తప్పు లేదు, నేర్చుకునే పిల్లే. రెండు మూడు సార్లు వెళ్లినా రాకపోతే ఇంటి ట్రాక్ మీది టైములకి అంత విలువ ఇవ్వక్కర్లేదు.

వాన పడితే ఇంకా మంచిది, కాసేపు ఆగి చూడండి. పొడి ట్రాక్ మీద అందరూ నడిపే, పట్టు ఇచ్చే లైనులో (దారిలో) టైర్ల రబ్బరు పరుచుకుని ఉంటుంది. తడవగానే అదే లైను నున్నగా జారుతుంది. చాలామంది అలవాటు కొద్దీ అదే లైను పట్టుకుని జారుతూనే పోతారు. ఒకరిద్దరు మాత్రం రెండు మూడు ల్యాపుల్లోనే దాన్ని వదిలేసి, బయటి అంచున గరుకుగా ఉన్న తారు వెతుక్కుంటారు. ఎవరూ చెప్పకుండా మీ అమ్మాయి ఆ పని చేస్తే ట్రాక్ వాళ్ల మాటలో నిజం ఉన్నట్టే.

కళ్లతో చూడటం కూడా నేర్చుకోండి. స్టాండులో కూర్చుంటే ఏమీ తెలియదు. ట్రాక్‌లో అన్నిటికంటే నెమ్మదైన మలుపు దగ్గర, కంచెకి ఇవతల నిలబడండి. మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారులో ఉంటుంది, రేసింగ్ కార్ట్‌కి ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. కాబట్టి మలుపు తిరగాలంటే లోపలివైపు వెనక చక్రం నేలమీంచి ఒక్క క్షణం తేలాలి. స్టీరింగ్ సరిగ్గా తిప్పితే అది కొద్దిగా లేచి, మెత్తగా దిగుతుంది. ఆలస్యంగా, విసురుగా తిప్పితే వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది. చూసేవాళ్లకి అదే గొప్ప వేగంలా కనిపిస్తుంది. నిజానికి అక్కడే టైము పోతోంది. చెవి పెట్టి వినండి. బండి జారినప్పుడు ఇంజిన్ గొంతు ఒక్కసారిగా కిందికి పడిపోయి, మళ్లీ పైకి ఎక్కడానికి తంటాలు పడుతుంది. బాగా నడిపేవాళ్ల ఇంజిన్ శబ్దం మలుపులో తగ్గినా తెగదు. చేతులు చాలా తక్కువ కదులుతాయి. వేగంగా వెళ్తున్నట్టే అనిపించదు. కాగితం చూసినప్పుడే తెలుస్తుంది.

ఇక మీవారి సంగతి. ఆయన భయాన్ని అర్థం లేనిదని కొట్టిపారేయకండి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు ల్యాప్ టైములు పరిచి ‘చూడండి, మీ కూతురు ఎంత గొప్పదో’ అంటే అది పుండు మీద కారమే. ఆయనకి ముందు చెప్పాల్సింది ప్రతిభ గురించి కాదు. దాచినందుకు అమ్మాయి, మీ తమ్ముడు క్షమాపణ చెప్పాలి. అదీ విడివిడిగా. మీ తమ్ముడు ఆయనతో ఒంటరిగా కూర్చుని, సంతకం ఎవరు పెట్టారో, ఏడాదిలో ఎన్నిసార్లు ఢీకొట్టిందో, ఎక్కడ దెబ్బలు తగిలాయో ఏదీ మిగల్చకుండా చెప్పి, కాగితాలన్నీ ఆయన చేతికి ఇవ్వాలి. ఆ మాటల మధ్యలో అమ్మాయి ఉండకూడదు. మొదటి ఏడాది మీ తమ్ముడు సాయానికి రావచ్చు కానీ ఎక్కడికి, ఎప్పుడు, ఎంత అన్న నిర్ణయాలు మీ తమ్ముడివి కావు.

మీవారికి చప్పట్లు కొట్టే పని ఇవ్వకండి, ఆపే అధికారం ఇవ్వండి. భద్రతకు సంబంధించి ఆయన మాటే ఆఖరు. హెల్మెట్ నచ్చకపోయినా, ట్రాక్ అంచుల్లో టైర్ల గోడ సరిగ్గా లేదనిపించినా, మార్షల్స్ (ట్రాక్ పక్కన జెండాలతో నిలబడే భద్రతా సిబ్బంది) తక్కువ ఉన్నారనిపించినా ఆ రోజు బండి ట్రాక్ మీదికి దిగదు. ఎవరూ వాదించకూడదు. భయపడే మనిషి కన్ను మిగతావాళ్లు చూడనివి చూస్తుంది. ఆ కన్ను మీకు పనికొస్తుంది.

ఆయనతో నిజాయితీగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ట్రాక్ మీద ఎదురుగా వచ్చే లారీ ఉండదు, అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు, ముందు ప్రమాదం ఉందని పసుపు జెండా చూపే మార్షల్ ఉంటాడు. రోడ్డు మీది బైకుకీ దీనికీ పోలిక లేదు. అయినా ప్రమాదం లేదని అనకండి, అది అబద్ధం. రేసింగ్ కార్ట్‌లో సీటు బెల్టు ఉండదు. బోల్తా పడితే మనిషి బండి నుంచి విడిపడాలనే అలా చేస్తారు. మామూలుగా దెబ్బ తగిలేది పక్కటెముకలకి, మణికట్టుకి. సీటు వదులుగా ఉంటే ప్రతి మలుపులో పక్కటెముక అంచుకి కొట్టుకుని నెల రోజులు నొప్పి పెడుతుంది. కాబట్టి సీటు తుంటికి బిగుతుగా సరిపోవాలి. పెరుగుతుంది కదా అని పెద్దది కొనకూడదు. అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ వారి 8870-2018 ముద్ర ఉన్న పక్కటెముకల కవచం, కార్టింగ్‌కి తయారైన ఫుల్‌ఫేస్ హెల్మెట్, రాపిడికి తట్టుకునే సూటు, చీలమండ కప్పే బూట్లు, గ్లవ్స్ తన సొంతవి ఉండాలి. కింద పడ్డ హెల్మెట్ పైకి బాగున్నా మళ్లీ వాడకూడదు. సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ అసలే వద్దు. దాని చరిత్ర మీకు తెలియదు.

జడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తిరిగే ఇరుసు, చైను మనిషి వీపు వెనకే, చాలా దగ్గరగా ఉంటాయి. వదులైన జుట్టో, చున్నీయో, హుడీ తాడో అందులో చుట్టుకుంటే క్షణంలో మెడ వెనక్కి లాగేస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. జుట్టు మొత్తం ముడి వేసి, బాలాక్లావా (హెల్మెట్ కింద వేసుకునే తల ముసుగు) లోపలికి దోపి, కాలరు లోపల ఉందని ప్రతిసారీ వేరొకరు చేత్తో తడిమి చూడాలి. ఈ పని మీవారికే అప్పజెప్పండి.

తలకి దెబ్బ తగిలితే ‘బాగానే ఉన్నా’ అన్న పిల్ల మాట లెక్కలోకి రాదు. ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. డాక్టరు రాసిచ్చేదాకా మళ్లీ ఎక్కకూడదు. ఇంకో షరతు కూడా పెట్టండి, మీవారికి ఊరటగా ఉంటుంది. లైసెన్సు వయసు వచ్చేదాకా రోడ్డు మీద ఏ బండీ ముట్టకూడదు. ట్రాక్ వేగానికి అలవాటైన పిల్లలు రోడ్డుని తక్కువ అంచనా వేస్తారు. అసలు ముప్పు అక్కడ ఉంది.

మీ ఇంటి గొడవ రేసింగ్ కుటుంబాలకి కొత్త కాదు. ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడాది ఆస్ట్రియాలోని వియన్నాలో పేరున్న సంపన్న కుటుంబం. రేసులంటే ఇంట్లో ఒప్పుకోలేదు. ఆయన జీవిత బీమాని హామీగా పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చి టీములో సీటు కొనుక్కున్నాడు. 1975, 1977, 1984లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మధ్యలో 1976లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో కారు మంటల్లో చిక్కుకుని చావు అంచుదాకా వెళ్లాడు. కొడుకు వేగమూ నిజమే, ఇంట్లోవాళ్ల భయమూ నిజమే. ఫ్రాన్స్‌లో మిషెల్ మూటన్ తండ్రి వేరే దారి పట్టాడు. కూతురు ర్యాలీల్లో (మామూలు దారుల మీద సాగే కారు పోటీల్లో) పక్కన కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్‌గా ఉండటం చూసి, నడిపేదేదో నువ్వే నడుపు, కారు నేను కొంటాను, ఒక్క ఏడాదిలో నిరూపించుకో అన్నాడు. ఆమె 1981లో సాన్‌రెమో ర్యాలీ గెలిచి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో రేసు గెలిచిన తొలి మహిళ అయింది. 1982లో మొత్తం ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. పరీక్షలో మంచి ఫలితం వస్తే మీకూ ఇదే సలహా ఇస్తాం. ఒక్క సీజన్, రాతపూర్వకంగా, ముందే ఒప్పుకున్న కొలతలతో.

ఆ సీజన్‌కి బండి కొనకండి. రేసుకి కార్ట్, ఇంజిన్, మెకానిక్‌తో సహా అద్దెకిచ్చే టీములుంటాయి. మొదటి ఆరు నెలలు వాళ్లతోనే కానివ్వండి. క్లాసు ఎంచుకునేటప్పుడు అందరికీ ఒకే కంపెనీ ఇంజిన్, దానికి సీలు ఉండే క్లాసు చూడండి. రోటాక్స్ మాక్స్ అలాంటిదే, 125 సీసీ టూ-స్ట్రోక్. దాని ఇంజిన్ సుమారు 50 గంటలు నడిచాక విప్పి బాగుచేస్తారు. ఇంజిన్‌కి సీలు లేని ఓపెన్ క్లాసుల్లో ఎక్కువ ఆర్‌పీఎమ్ మీద తిరిగే ఇంజిన్లకి పదేసి గంటలకే పిస్టన్ మార్చాల్సి రావచ్చు. డబ్బు కారిపోయేది అక్కడే. దాని తర్వాత టైర్లు. రేసుకి కొత్త సెట్టు వేసి, ప్రాక్టీసంతా పాతవాటి మీద చేయించండి. కొత్త టైర్ల మీద ప్రాక్టీసు చేసిన పిల్లకి అరిగిన టైర్లతో బండి ఎలా ఉంటుందో తెలియదు, రేసు ఆఖరి ల్యాపుల్లో అదే దెబ్బతీస్తుంది.

తర్వాత ఎప్పుడైనా పాత ఛాసిస్ (బండి ఫ్రేము) కొనాల్సి వస్తే దాన్ని తిరగేసి అడుగు చూడండి. గొట్టాలు నేలకి రాసుకుని చదునుగా అరిగిపోయి ఉంటే వద్దు. సీటు పట్టీల దగ్గర వెల్డింగ్ పగుళ్లు ఉన్నా వద్దు. చదునైన బల్ల మీద పెట్టి వంకర ఉందేమో కొలిపించకుండా డబ్బు ఇవ్వకండి. కార్ట్‌కి స్ప్రింగులుండవు, ఫ్రేమే వంగి సస్పెన్షన్ పని చేస్తుంది. కాబట్టి వంకరపోయిన ఫ్రేము ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరుగుతుంది. ఆ తప్పు పిల్లదే అనుకుని ఆరు నెలలు తిడుతూ కూర్చుంటారు.

మోటు పనులన్నీ అమ్మాయే చేయాలి. పెట్రోలులో 2 శాతం ఆయిల్ కలపాలంటే 5 లీటర్లకి 100 మిల్లీలీటర్లు, అది తనే కొలవాలి. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఒక్క ల్యాప్‌లో ఇంజిన్ పోతుంది. ఇంజిన్ కంపెనీ పుస్తకంలో ఇంకో శాతం రాసి ఉంటే అదే పాటించాలి. చల్లగా ఉన్నప్పుడు టైరు గాలి సుమారు 9 నుంచి 13 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. టైరు రకాన్ని బట్టి, ఎండని బట్టి మారుతుంది. ఒక్క పీఎస్‌ఐ తేడా పట్టు మారుస్తుంది కాబట్టి ప్రతి సెషన్‌కి ముందూ తర్వాతా నోటుబుక్‌లో రాయాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరుకి కాస్త పైన ఆడాలి. బిగుతైతే బేరింగులు పోతాయి, వదులైతే చైను ఊడుతుంది. చక్రాల నట్లు ప్రతిసారీ బిగించి చూడాలి. ఏడాది చివర్లో కూడా ఈ పనులు ఎవరూ చెప్పకుండా చేస్తోందంటే, తన ఇష్టం ఎంత గట్టిదో మీకు ఏ కప్పూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

సెషన్ ముగించి లోపలికి రాగానే ఎవరూ మీద పడకండి. పది నిమిషాలు నీళ్లు తాగనివ్వండి. తర్వాత అడగాల్సినవి మూడే: ముందు చక్రాలు ఎక్కడ పట్టు వదిలాయి, వెనకవి ఎక్కడ జారాయి, ఏ గుర్తు దగ్గర బ్రేకు వేశావు. జవాబు సూటిగా, ప్రతిసారీ ఒకే తీరులో వస్తే అదీ ప్రతిభలో భాగమే. కంచె దగ్గర నిలబడి చేతులు ఊపుతూ అరిచే తల్లిదండ్రుల పిల్లలు రేసులో ట్రాక్‌ని వదిలేసి కంచె వైపు చూస్తారు.

సీజన్ చివర కప్పులు లెక్కపెట్టకండి. ఒకే రకం ఇంజిన్ క్లాసులో మొదటి రేసులో అందరికంటే ముందున్నవాళ్ల టైముకి 2 శాతం లోపు, సగం సీజన్‌కి ఒక శాతం లోపు వస్తే ముందుకెళ్లొచ్చు. చదువులో ఎంతవరకు తగ్గితే ఆపాలో కూడా ఇప్పుడే అంకె రాసుకోండి. అప్పటికప్పుడు అనుకుంటే పోట్లాట తప్పదు.

వయసు గురించి అడిగారు. ఫార్ములా వన్ ఛాంపియన్లలో లూయిస్ హామిల్టన్ 8 ఏళ్లకి, మాక్స్ వెర్‌స్టాపెన్ నాలుగున్నరకి కార్ట్ ఎక్కారు. ఆ లెక్కన ఫార్ములా వన్ దారి మీ అమ్మాయికి దాదాపు మూసుకుపోయినట్టే. అది తనకు ఇప్పుడే చెప్పడం మంచిది. కానీ టూరింగ్ కార్లు, జీటీ రేసులు, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులు, ర్యాలీలు ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లకీ చోటిచ్చాయి. యాన్ మార్డెన్‌బరో 2011లో వీడియో గేమ్ పోటీ గెలిచి రేసింగ్‌లోకి వచ్చాడు. 2013లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో అతని జట్టుకి తన క్లాసులో మూడో స్థానం దక్కింది. కార్టింగ్ తర్వాత మొదటి మెట్టయిన ఫార్ములా 4 కార్ల రేసులకి కనీస వయసు కూడా 15 ఏళ్లే. రేసు ఇంజినీరు, డేటా విశ్లేషణ వంటి ఉద్యోగాలకి కార్ట్ నడిపిన అనుభవం నిజంగా పనికొస్తుంది. ఆ దారికి లెక్కలు, భౌతికశాస్త్రం బాగా రావాలి కాబట్టి మానేసిన ట్యూషన్ గురించి మాట్లాడటానికి మీకు మంచి సందు దొరుకుతుంది.

పరీక్షలో మామూలు ఫలితమే వస్తే? అలా రావడానికే అవకాశం ఎక్కువ. అప్పుడు కాగితాలు అమ్మాయి ముందే పరిచి, అంకెలు తననే చదవమనండి. మీరు తీర్పు చెప్పకండి. రేసుల మాట పక్కన పెట్టినా ట్రాక్ మాత్రం మాన్పించవద్దు. నెలకి ఒకసారి, మీ సంతకంతో, మీవారు తడిమి చూసిన హెల్మెట్‌తో వెళ్లనివ్వండి. ఏడాదిగా దాచిపెట్టి మరీ వెళ్లిందంటే అక్కడ తనకి వేగం ఒక్కటే దొరకలేదు. ఏం దొరికిందో ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు. పరీక్షకి ముందే అడగండి.